లంకలో వినిపించిన మాట

లంకకు పోతున్నామని తెలియగానే మా వీధిలో తలా ఒక పని అప్పగించారు. ఎదురింటి మామ్మగారు అశోకవనంలో సీతమ్మ కూర్చున్న చోటి మట్టి చిటికెడు తెమ్మన్నారు. మా కాలేజీ చరిత్ర లెక్చరరు అనురాధపురంలోని అర్ధచంద్రశిలను దగ్గరగా ఫొటో తీసి తెమ్మన్నాడు. పాలబ్బాయి మాత్రం ఏమీ తెమ్మనలేదు. "లంకలో పుట్టినవాళ్ళంతా రాక్షసులేనంటారు, జాగ్రత్త సార్" అని చెప్పి, పది రోజులు పాలు వద్దన్నందుకు కాస్త చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయాడు.

మాది చిత్తూరు. మా తాతగారి రోజుల్లో అయితే మద్రాసు ఎగ్మూరులో బోట్ మెయిల్ ఎక్కి, ధనుష్కోటిలో దిగి, స్టీమరులో తలైమన్నారు చేరి, అక్కడ మళ్ళీ రైలెక్కేవారట. 1964 డిసెంబరు తుఫానులో ధనుష్కోటి కొట్టుకుపోయింది. ఆ దారీ దానితో పోయింది. ఇప్పుడు మద్రాసులో విమానమెక్కితే గంటన్నర లోపల కొలంబో. మా ఆవిడ చేసిన పులిహోర పొట్లం విప్పుదామనుకునే సరికి బెల్టులు కట్టుకోమన్నారు.

దసరా సెలవుల్లో బయల్దేరాము. నేను, మా ఆవిడ, ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి. పది రోజులకు ఒక చిన్న వ్యాను మాట్లాడుకున్నాము. దాని డ్రైవరు ముప్ఫై ఏళ్ళ సింహళ కుర్రవాడు. వచ్చీరాని ఇంగ్లీషు, సినిమాల్లో నేర్చిన హిందీ కలిపి మాట్లాడతాడు. నన్ను "మహత్తయా" అని పిలిచేవాడు. అది వాళ్ళ 'అయ్యగారు' అట. కాలేజీలో ఇరవై ఏళ్ళ సర్వీసులో నన్ను మహాత్ముణ్ణి చేసినవాడు లేడు కనుక, మొదటి రోజే అతని మీద నాకు అభిమానం కుదిరింది.

కొలంబో నుంచి ఉత్తరంగా పోతుంటే బస్సుల మీద బోర్డులు చూస్తూ కూర్చున్నాను. సింహళ లిపి మన లిపిలాగే గుండ్రంగా, ముత్యాల్లాగా వుంటుంది. రెండూ బ్రాహ్మి బిడ్డలే కదా. చదవగలననిపిస్తుంది, చదవలేము. చిన్నప్పటి స్నేహితుడు ఎదురుపడి ముఖం గుర్తున్నా పేరు గుర్తు రానట్లుంటుంది. మాటలు అంతే. చెరువును వాళ్ళు 'వెవ' అంటారు. 'వాపి' అనే సంస్కృత పదం అక్కడ వెవ అయింది, మన దగ్గర బావి అయింది. నగరం 'నువర' అయింది, గ్రామం 'గమ' అయింది. నేను ఇట్లా ఒక్కొక్క మాటా పట్టుకుని సంబరపడుతుంటే మా అమ్మాయి చెవుల్లో పాటల తీగలు పెట్టుకుంది. మా ఆవిడ నిద్రపోయింది.

అనురాధపురం చేరేసరికి సాయంత్రమైంది. క్రీస్తుకు పూర్వం నుంచి పదకొండో శతాబ్దం దాకా రాజధానిగా వున్న ఊరు. ముందుగా శ్రీమహాబోధి దగ్గరికి పోయాము. బుద్ధగయలోని బోధివృక్షపు కొమ్మను అశోకుని కూతురు సంఘమిత్ర క్రీ.పూ. 3వ శతాబ్దంలో ఇక్కడికి తెచ్చిందని మహావంశం చెబుతుంది. ఎప్పుడు నాటారో తెలిసిన చెట్లలో ప్రపంచం మొత్తం మీద ఇంతకంటె ముసలిది లేదంటారు. ఇంత కీర్తి గల చెట్టు ఆకాశాన్ని తాకుతుందనుకుంటాము. కాని అది సన్నని కొమ్మలతో, బంగారు పూత ఊతకర్రల మీద ఆనుకుని, వంద దాటిన ముత్తవ్వలాగా వుంది. తెల్లచీరలు కట్టిన ఆడవాళ్ళు తామరపూలు పట్టుకుని ఇసుకలో కూర్చుని వున్నారు. గాలికి ఒక ఆకు రాలితే నలుగురు లేచారు. ఏరుకున్నది ఒక చిన్న పిల్ల. మిగిలిన ముగ్గురూ ఆ పిల్లకే దణ్ణం పెట్టి మళ్ళీ కూర్చున్నారు. ఇదే ఊళ్ళో, ఈ చెట్టు ఆవరణలో కూడా, 1985 మే నెలలో తుపాకులు పేలి నూరుమందికి పైగా చనిపోయారని డ్రైవరు గొంతు తగ్గించి చెప్పాడు.

మరునాడు అర్ధచంద్రశిలలు చూచాము. గుడి మెట్ల కింద పరచిన అరచందమామ వంటి రాయి. అంచున జ్వాలలు, లోపల ఏనుగు, గుర్రం, సింహం, ఎద్దు వరుస, ఆ లోపల తీగ, దాని తర్వాత ముక్కున తామర మొగ్గలు కరచుకున్న హంసలు, నడుమ సగం విచ్చిన పద్మం. కాలు పెట్టే చోట ఇంత చెక్కిన శిల్పి ఎంత ధైర్యవంతుడో! చరిత్ర లెక్చరరు కోసం పద్నాలుగు ఫొటోలు తీశాను. వీటి చుట్టాలు మన నాగార్జునకొండలోనూ వున్నవి. పిల్లలను అక్కడికి ఎన్నిసార్లు తీసుకుపోయానో లెక్క లేదు. పోయినప్పుడల్లా బోధిసిరి అనే ఉపాసిక శాసనం గురించి చెబుతాను. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని కాలంలో, అంటే 3వ శతాబ్దంలో, ఆమె తామ్రపర్ణి నుంచి, అంటే ఈ లంక నుంచి, వచ్చిన స్థవిరుల కోసం చైత్యగృహం కట్టించింది. సింహళ విహారంలో బోధివృక్షానికి గుడి కట్టించింది. అటునుంచి సన్యాసులు ఇటు వస్తే, ఇటునుంచి రాయి అటు పోయింది. పల్నాటి సున్నపురాతిలో, అమరావతి ఫక్కీలో చెక్కిన శిల్పాలు ఈ ద్వీపంలో దొరికినవి. కృష్ణ ఒడ్డున తొలిచిన రాయి ఓడెక్కి ఇంత దూరం వచ్చిందన్న మాట. ఈ సంగతులన్నీ క్లాసులో చెప్పినట్టే అక్కడ నిలబడి చెబుతున్నాను. మా అమ్మాయి, "నాన్నా, ఎండ" అన్నది.

ఎండ నిజమే. నీడ కోసం అభయగిరి వైపు నడిచాము. అయిదో శతాబ్దం మొదట్లో చైనా యాత్రికుడు ఫాహియాన్ ఇక్కడ రెండేళ్ళు వున్నాడు. స్వదేశం వదలి చాలా ఏళ్ళయింది. తోటివారిలో కొందరు చనిపోయారు, కొందరు వెనుదిరిగారు. ఒకరోజు ఇక్కడి పచ్చరాతి బుద్ధుని ముందు ఎవరో వర్తకుడు చైనా తెల్లపట్టు విసనకర్ర కానుకగా పెట్టగా చూచి, అతనికి కళ్ళ నీళ్ళు ఆగలేదట. పుస్తకంలో చదివినప్పుడు, ఇంత పండితుడు విసనకర్ర చూచి ఏడవడమేమిటా అనుకున్నాను.

సరిగ్గా ఆ సాయంత్రమే నా వంతు వచ్చింది.

రువన్వేలిసాయ అనే తెల్లని మహాస్తూపం చూచి, రాతి ఏనుగుల గోడ దాటి వ్యాను దగ్గరికి వస్తున్నాము. చెట్టు కింద ఒక పాములవాడు నాగస్వరం ఊదుతున్నాడు. పక్కన గొలుసు కట్టిన కోతి. విదేశీయులు నలుగురు ఫొటోలు తీస్తున్నారు. మా ఆవిడకు పాములంటే భయం, చెయ్యి పట్టుకుని లాగుతోంది. ఆట అయిపోయింది. డబ్బులు ఏరుకుంటూ ఆ ముసలాయన వెనక్కి తిరిగి పన్నెండేళ్ళ మనవడి మీద కేక వేశాడు.

"రేయ్, బుట్ట మూయ్‌రా! పాము పోతాది!"

నేను నాలుగడుగులు ముందుకు వేసి ఆగాను. మా ఆవిడా ఆగింది. ఒకళ్ళ ముఖం ఒకళ్ళం చూచుకున్నాము. మా అమ్మాయి చెవిలోని తీగలు తీసేసింది. "నాన్నా, వాళ్ళు తెలుగు!" అన్నది.

సింహళంలో తెలుగు మాట్లాడే సంచార జాతి ఒకటి వుందని పుస్తకాల్లో చదివినవాణ్ణే. అక్కడ వాళ్ళను అహికుంటకులంటారు. సంస్కృతంలో 'అహితుండికుడు' అంటే పాములవాడు. ఆ మాటకు ఇది చుట్టం. ఇదంతా తెలుసు. తెలిసి వుండడం వేరు, అనురాధపురం చెట్టు కింద "మూయ్‌రా" అని చెవిన పడడం వేరు. ఫాహియాన్ విసనకర్ర నాకు అప్పుడు అర్థమైంది. నేను ఏడవలేదు గాని, గొంతు సర్దుకోవడానికి కొంచెం సేపు పట్టింది.

"తాతా, మీది ఏ వూరు?" అని అడిగాను.

ఆయన నోరు తెరుచుకుని నన్ను చూచాడు. చేతిలో డబ్బులు లెక్కపెట్టడం మరిచిపోయాడు. "మన మాటే! మన మాటే మాట్లాడతా వుండారే!" అని మనవణ్ణి పిలిచి చూపించాడు. ఏదో వింత జంతువును చూపించినట్లు చూపించాడు. తర్వాత, మరునాడు తమ ఇంటికి వచ్చి తేనీరు తాగితే గాని వదలనన్నాడు.

ఊరు అక్కడికి దక్షిణంగా, తంబుత్తేగమ దాపున. మరునాడు మేము మిహింతలే చూడాలి. పొద్దున్నే అది చూచుకుని మధ్యాహ్నానికి పోదామని తేల్చుకున్నాము. మిహింతలే ఒక కొండ, 1,840 రాతిమెట్లు. మహేంద్ర భిక్షువు ఈ ద్వీపంలో మొదట కనిపించింది ఇక్కడేనట. దేవానాంపియ తిస్స మహారాజు జింకను తరుముతూ వచ్చాడు. బాణం ఎక్కుపెట్టిన రాజును భిక్షువు పేరు పెట్టి పిలిచి నిలబెట్టాడు. తరువాత ఉపదేశం మొదలుపెట్టలేదు, ముందు ఒక పరీక్ష పెట్టాడు. ఇది ఏమి చెట్టు? మామిడి. ఇది కాక వేరే మామిళ్ళున్నాయా? వున్నాయి. మామిళ్ళు కాని చెట్లున్నాయా? వున్నాయి. ఆ మామిళ్ళూ, మామిళ్ళు కానివీ వదిలేస్తే ఇంకేమైనా చెట్టుందా? రాజు తడుముకోకుండా, వుంది, ఈ మామిడి చెట్టు అన్నాడు. వైవాలో ఇంత బాగా జవాబు చెప్పిన విద్యార్థిని నేను ఇంతవరకు చూడలేదు. పరీక్ష నెగ్గిన తర్వాతనే ధర్మం చెప్పాడు. ఆ తర్వాత ఈ అడవిలో వేట ఆగిపోయిందనీ, ప్రపంచంలో మొదటి అభయారణ్యం ఇదేననీ అక్కడివారు గర్వంగా చెప్పుకుంటారు. కొండ దిగుతుంటే ఒక కోతి మా ఆవిడ చేతిలోని అరటిపండ్ల సంచీ లాక్కుపోయింది. అభయం ఎవరికో అర్థమైంది.

ముసలాయన వీధి మొదట్లోనే నిలబడి వున్నాడు. తెల్ల చొక్కా వేసుకున్నాడు, తల దువ్వుకున్నాడు. చిన్న చిన్న ఇటుక ఇళ్ళు, ముందు అరటిచెట్లు, తీగ మీద స్కూలు యూనిఫారాలు. మేము గుడారాలు, గాడిదలు వుంటాయనుకుంటూ వచ్చాము. అవి ఆయన నాయన కాలంలో. తాళాకు గుడిసెలు గాడిదల మీద వేసుకుని, ఒక వూళ్ళో వారం మించి నిలవకుండా తిరిగేవారట. వెంట వేటకుక్కలు. మగవాళ్ళు పాములూ కోతులూ ఆడిస్తే ఆడవాళ్ళు చెయ్యి చూచి సోదె చెప్పేవారు. ఇప్పుడు కొందరు కూలికి పోతున్నారు, కొందరు చిన్న వ్యాపారాలు. కొందరు బౌద్ధులు, కొందరు క్రైస్తవులు. పాముల బుట్ట మోసేవాళ్ళు తగ్గిపోయారు.

మమ్మల్ని చూడడానికి ఇరవై మంది వచ్చారు. ఒక అవ్వ మా ఆవిడ పక్కన కూర్చుని చీర అంచు పట్టుకుని చూచి, "పిల్లోళ్ళు ఎంతమంది?" అని మొదలుపెట్టింది. పది నిమిషాల్లో ఇద్దరూ మోకాళ్ళ నొప్పుల దాకా వచ్చారు. వాళ్ళ తెలుగులో సింహళం, తమిళం కలిసి వుంది. అయినా నాలుగు మాటలకు మూడు మనవే. నీల్లు, నిప్పు, అన్నం, అమ్మ, నాయన, కూతురు. పుట్టినప్పుడు వినేవీ పోయేటప్పుడు అడిగేవీ అన్నీ వున్నవి.

ముసలాయన నన్ను అడిగాడు.

"మీ వూళ్ళో మన మాట తెలిసినోళ్ళు వుండారా సామీ?"

"అందరికీ తెలుసు."

"అందరూ అంటే? మన కులపోళ్ళందరూనా?"

"కులం కాదు తాతా. బస్సు కండక్టరు, పోలీసు, డాక్టరు, కలెక్టరు. అందరిదీ అదే మాట. ఎనిమిది కోట్ల మంది."

కోటి అంటే ఎంతో వివరించవలసి వచ్చింది. వివరించినా ఆయన నమ్మలేదు. అతిథి కదా అని తల వూపాడు. ఆయన పుట్టి పెరిగిన లోకంలో ఆ మాట తన వాళ్ళకూ, కోతికీ తప్ప ఎవరికీ తెలియదు. బజారులో సింహళం, కొన్ని చోట్ల తమిళం. పోలీసుస్టేషనులో, ఆసుపత్రిలో తన మాట పలికితే అర్థమయ్యేవాడు ఒక్కడు కూడా లేడు. అటువంటిది, కలెక్టరు మాట్లాడతాడంటే ఎట్లా నమ్మడం?

"మీరేం పని చేస్తారు సామీ?"

"తెలుగు చెబుతాను, కాలేజీలో."

"మాట్లాడేదానికి చెప్పేదేముంది?"

అక్కడున్న వాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. "చదవడం, రాయడం చెబుతాను" అన్నాను.

నవ్వు ఆగింది. ఆయన ముందుకు వంగాడు. "దీనికి రాత వుందా?"

వుందని చెప్పాను. దాదాపు వెయ్యేళ్ళ నాటి కావ్యాలున్నాయని కూడా చెప్పబోయాను. ఆయనకు నన్నయతో పనేముంది? ఆయన అడిగింది మరొకటి. "బడిలో పిల్లోళ్ళకు దీంట్లోనే చెబుతారా?"

"ఆఁ" అన్నాను.

మా అమ్మాయి తలెత్తి నా వైపు చూచింది. ఎల్.కె.జి. నుంచీ దాని చదువంతా ఇంగ్లీషు మీడియం. ఇంటర్లో రెండో భాష తెలుగు కాదు, సంస్కృతం. మార్కులు బాగా వేస్తారని, అందరూ తీసుకుంటున్నారని తీసుకుంది. ఆ కాగితం మీద తండ్రిగా సంతకం పెట్టినవాణ్ణి నేనే, తెలుగు ఎం.ఏ.! అప్పుడు మా ఆవిడ అడిగింది కూడా, "మీరే ఇట్లా చేస్తే ఎట్లాగండీ?" అని. పిల్ల భవిష్యత్తు అన్నాను. ఇప్పుడు ఈ ముసలాయన మనవడు తాతకు సింహళంలో జవాబు చెబుతుంటే తప్పు పట్టే నోరు నాకెక్కడిది? వాడి బడి సింహళం, వాడి స్నేహితులు సింహళం. వాడికీ భవిష్యత్తు వుంది.

"నా పేరు రాసి చూపించండి సామీ" అన్నాడు.

జేబు డైరీలో కాగితం చించి, పెద్ద పెద్ద అక్షరాలతో రాశాను. ఆ పేరు ఇక్కడ అచ్చు వేయించడం నాకిష్టం లేదు. మూడక్షరాల పేరు, అందులో ఒక వత్తు. ఆయన కాగితాన్ని దూరంగా పట్టుకుని చూచాడు, దగ్గరగా పెట్టుకుని చూచాడు, ఒకసారి తలకిందులుగా కూడా చూచాడు. చివరకు, "సింహళం మాదిరే వుండాదే!" అన్నాడు. నేను బస్సు బోర్డులు చూచి అనుకున్న మాటే. మనవడు కాగితం లాక్కుని, వేలితో గాలిలో ఆ గీతలు దిద్దుకోసాగాడు. వాడి పేరు మా అమ్మాయి రాసి ఇచ్చింది. రాసే ముందు ఒకసారి ఆలోచించింది. కాని తప్పు లేకుండానే రాసింది.

బయల్దేరేటప్పుడు ముసలాయన వ్యాను దాకా వచ్చాడు. డ్రైవరు తన ఫోను నంబరు ఆ పిల్లవాడికి ఇచ్చాడు. కనుచూపు దాటేదాకా ఎవరూ మాట్లాడలేదు. తర్వాత డ్రైవరే అన్నాడు, "చిన్నప్పటినుంచీ వాళ్ళను చూస్తున్నాను మహత్తయా. వాళ్ళది ఏదో దొంగభాష అనుకునేవాళ్ళం" అని.

తక్కిన యాత్ర త్వరగా చెప్పేస్తాను. సిగిరియాలో, తండ్రిని చంపించి గద్దె ఎక్కిన కాశ్యపుడు అయిదో శతాబ్దంలో ఆరువందల అడుగుల బండ మీద కట్టుకున్న కోట. ఆ తండ్రి ధాతుసేనుడు కలా వెవ అనే మహాతటాకం తవ్వించినవాడు. నిధులెక్కడ అని కొడుకు నిలదీస్తే, ఆ చెరువులో దిగి దోసిట నీళ్ళు పట్టి, నాకున్నదంతా ఇదే అన్నాడట. బండ నడుమ అద్దపు గోడ మీద, దారిన పోయేవాళ్ళు శతాబ్దాల తరబడి పద్యాలు గీకి పోయారు. పరణవితాన పండితుడు వాటిలో 685 చదివి 1956లో అచ్చు వేయించాడు. గోడల మీద రాతలు రాసే మా విద్యార్థులను ఇకనుంచి కొంచెం ఓపికతో చూస్తాను.

మిన్నేరియ మాత్రం త్వరగా చెప్పలేను. మూడో శతాబ్దంలో మహాసేనుడు కట్టించిన చెరువు. ఎండకాలంలో, జూలై నుంచి అక్టోబరు దాకా, నీరు వెనక్కి తగ్గిన చోటల్లా లేత గడ్డి మొలుస్తుంది. చుట్టుపట్ల అడవుల్లోని ఏనుగులన్నీ ఆ గడ్డికీ నీటికీ దిగుతాయి. ఒక్కొక్కప్పుడు మూడువందలు చేరుతాయంటారు. మేము పోయిన సాయంత్రం మా ఆవిడ తొంభై ఆరు దాకా లెక్కపెట్టి, ఒక గున్న తల్లి కాళ్ళ సందున దూరితే లెక్క తప్పిపోయి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. కాలితో గడ్డిని తన్ని, తొండంతో చుట్టి, మోకాలికేసి మట్టి దులిపి నోట పెట్టుకుంటాయి. పెద్ద ముత్తయిదువులు గోంగూర కట్ట దులిపినట్టే! మగ ఏనుగులకు సైతం దంతాలు లేవేమా అని మా అమ్మాయి అడిగింది. సింహళపు ఏనుగుల్లో దంతాలున్న మగవి నూటికి పది కూడా వుండవు. జీపులు మాత్రం ఏనుగులకంటె ఎక్కువ. ఒక జీపు మరీ దగ్గరికి పోతే, గుంపులోని ముసలి ఆడఏనుగు నాలుగడుగులు ముందుకు వేసి, చెవులు విప్పి, అట్లాగే నిలబడింది. జీపు వెనక్కి పోయింది. అది అరవలేదు, తరమలేదు.

2011లో లెక్కపెడితే ఈ చిన్న ద్వీపంలో 5,879 ఏనుగులు తేలాయి. 2023 ఒక్క ఏడాదిలోనే 400కు పైగా ఏనుగులు చనిపోయాయి. ఏనుగుల వల్ల నూరుమందికి పైగా మనుషులు పోయారు. అడవి తగ్గింది, చేలు పెరిగాయి. మా డ్రైవరు మేనమామ పొలం ఆ దగ్గరలోనే. రాత్రి మంచె మీద కాపలా కాసి, పొద్దున గుడిలో ఏనుగుకు దణ్ణం పెడతాడట. 2022లో పెట్రోలు కోసం రెండు రోజులు బారులో నిలబడ్డ కథ చెప్పినప్పుడు కూడా అతను నవ్వుతూనే చెప్పాడు. ఆ మేనమామ సంగతి చెప్పేటప్పుడు నవ్వలేదు.

పొలన్నరువలో గల్ విహారం ముందు మాత్రం అందరం చాలాసేపు కూర్చున్నాము. ఒకే బండలో చెక్కిన నలభై ఆరు అడుగుల శయన బుద్ధుడు. తల ఆనిన చోట రాతి దిండు కొంచెం నొక్కుకుని వుంటుంది. రాతిని మెత్తగా చూపించిన ఆ ఒక్క నొక్కు కోసమైనా అంత దూరం పోవచ్చు.

క్యాండీలో దంతధాతు మందిరం. అక్కడ నాకు మళ్ళీ మన వాళ్ళు ఎదురయ్యారు. ఈసారి బుట్టతో కాదు, కిరీటంతో. 1739లో క్యాండీ రాజుకు వారసులు లేకపోతే, మధుర నుంచి వచ్చిన పట్టమహిషి తమ్ముడు గద్దె ఎక్కాడు. తెలుగు మూలాలున్న నాయకర్ల వంశం. వాళ్ళలో కీర్తిశ్రీ రాజసింహుడు, శైవం ఇంట పుట్టినవాడు, సింహళంలో ఆరిపోతున్న భిక్షుసంఘాన్ని నిలబెట్టడానికి 1753లో సయాం నుంచి స్థవిరులను రప్పించాడు. అయినా పరాయివాడేనని 1760లో కొందరు ప్రధానులూ భిక్షువులూ కలసి అతణ్ణి చంపబోయారు. బతికాడు. ఆ తర్వాత కూడా గుళ్ళు కట్టించడం మానలేదు. చివరివాడు శ్రీవిక్రమ రాజసింహుడు. గుడి ముందరి చెరువూ, ఎనిమిది పలకల మండపమూ అతనివే. 1815లో ఇంగ్లీషువారు అతణ్ణి పట్టుకుని సముద్రం దాటించి వేలూరు కోటకు పంపారు.

నువర ఎలియ దగ్గర సీతమ్మ గుడిలో, వాగు ఒడ్డు బండ మీద హనుమంతుని పాదాలట, గుంటలు చూపించారు. మట్టి విమానంలో తేనివ్వరేమోనని నేనంటే, మా ఆవిడ మామ్మగారి కోసం కుంకుమ పొట్లం తీసుకుంది. చలికి ముగ్గురమూ ఒకటే వణుకు. లంకలో స్వెట్టరు కావాలని ఏ రామాయణంలోనూ రాసి లేదు.

మద్రాసులో దిగి చిత్తూరుకు కారులో వస్తూ వేలూరులో ఆగాము. ఎన్నో వందలసార్లు ఆ ఊరి మీదుగా పోయినవాణ్ణి, పాలారు ఒడ్డున ముత్తుమండపం ఇంతవరకు చూడలేదు. 1832లో చనిపోయిన ఆ క్యాండీ రాజు సమాధి అక్కడ వుంది. ఇంటి నుంచి గంట దూరంలో వున్నదాన్ని చూడడానికి సముద్రం దాటి రావలసి వచ్చింది. మేము పోయేసరికి ఎవరూ లేరు. మా ఆవిడ చెట్టుకున్న నాలుగు గన్నేరు పూలు కోసి సమాధి మీద పెట్టింది.

మూడు వారాల తర్వాత డ్రైవరు నుంచి మా అమ్మాయి ఫోనుకు ఒక బొమ్మ వచ్చింది. ఇటుక గోడ, నీలం తలుపు. తలుపు పైన సున్నంతో, వంకర టింకరగా, ముసలాయన పేరు, తెలుగులో. కింద ఆయన, పక్కన మనవడు, చేతిలో కుంచె.

నేను కళ్ళజోడు వెతుక్కుంటుంటే మా అమ్మాయే ముందుగా చదివింది. "నాన్నా, వత్తు పోయింది" అన్నది.

"ఏదీ?"

"ఇదిగో, రెండో అక్షరం కింద. సరిగా రాసి పంపించనా?"

"ఇప్పుడే వద్దులే" అన్నాను. అది వినలేదు. నా బల్ల మీది కాగితం తీసుకుని, ఆ అక్షరం ఒక్కటీ పెద్దగా రాసి, వత్తు ఎక్కడ మొదలై ఎటు తిరగాలో బాణం గుర్తులు వేయడం మొదలుపెట్టింది.